జంజీరా గోడలో బెల్లం

మా చుట్టాల్లో శుభలేఖలు తప్ప ఇంకేమీ చదివే అలవాటు ఎవరికీ లేదు. అందుకే ధైర్యంగా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మహారాష్ట్ర తీరంలో సముద్రం మధ్య ఒక దీవి ఉంది. దీవి నిండా కోటే. పేరు జంజీరా. మొన్న అక్టోబరులో ముగ్గురం వెళ్ళి చూసి వచ్చాం: నేను, నా భార్య నూకరత్నం, ఆమె అన్న అప్పలరాజు. మాది చోడవరం. చెరకు వేస్తాం, సొంత గానుగ ఉంది, బెల్లం వండుతాం. అప్పలరాజు బావ ఉండేది గాజువాకలో. ఫ్యాక్టరీలో ఫోర్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. తనకి తెలియని పని లేదని అతని నమ్మకం.

అందరూ కోటలు సరదాకి చూస్తారు. నేను వెళ్ళింది ఒక మాట నెగ్గడానికి.

తొమ్మిదేళ్ళ కిందట బుచ్చయ్యపేటలో ఒక పెళ్ళిలో మధ్యాహ్నం పంక్తిలో కూర్చున్నాం. మాటల్లో మా తాత తవ్వించిన నూతి సంగతి వచ్చింది. నూతి గోడకి సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి కట్టారనీ, అందుకే ఇన్నేళ్ళయినా దానికి నెర్రె పడలేదనీ చెప్పాను. మా నాన్న నాకు చెప్పిన మాట అది. బావ పులిహోర ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

"బెల్లంతో నుయ్యా? అయితే వానాకాలంలో మీ ఊరోళ్ళు గోడలు నాక్కుంటూ కూకుంటారేటి బావా? సీమలు మోసుకుపోనేదా మీ నూతిని?"

పంక్తంతా నవ్వింది. పన్నెండు మంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. రావికమతం నుంచి వచ్చిన పెదనాన్న వరస ఆయనకి మజ్జిగ పొలమారింది. పొలమారినా నవ్వు ఆపలేదు. ఆ తరవాత రెండేళ్ళపాటు నాకు 'బెల్లం నుయ్యి' అని పేరు నడిచింది. ఆ రోజు నుంచి నేను బావ గడప తొక్కలేదు. పండగలకీ పబ్బాలకీ రత్నం ఒక్కతే వెళ్ళి వచ్చేది.

ఇన్నాళ్ళకి బావ కొత్త ఇల్లు కట్టాడు. కార్తీకంలో గృహప్రవేశం. మా ఇళ్ళల్లో కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆడపడుచు. ఒక్కతే కూర్చోకూడదు, పక్కన మొగుడు ఉండాలి. బావకి ఉన్నది ఒక్క చెల్లెలు. ఆమెకి ఉన్నది ఒక్క మొగుడు. నేను రానన్నాను.

అప్పటికే నా ఫోన్లోకి ఒక వీడియో వచ్చింది. అందులో ఎవరో జంజీరా కోట చూపిస్తూ, గోడల్లో సీసం, సున్నం, బెల్లం కలిపారని చెప్పాడు. దాన్ని బావకి పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

రత్నం రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు అన్నని స్పీకర్‌లో పెట్టి తీర్పు చెప్పేసింది. "మీ ఇద్దరికీ ఆ గోడేదో సూపిస్తేగానీ నెమ్మది ఉండదు. ముగ్గురం ఎల్దాం. బెల్లం ఉందని తేల్తే అన్నియ్య గృహప్రవేశం పంక్తిలో నిలబడి అందరి ముందూ సెప్తాడు. నేదని తేల్తే ఈయనొచ్చి నోరు మూసుకుని పాయసం తింటారు. ఇంక మా ఇంట్లో నుయ్యి మాట ఇనపడకూడదు."

సరే అన్నాను. బావ కూడా సరే అన్నాడు.

షోలాపూర్ దాకా

పోయిన సీజన్లో వండిన మా బెల్లం దిమ్మ ఒకటి, అయిదు కిలోలది, గోనె గుడ్డలో కట్టి వెంట తీసుకెళ్ళాను. బెల్లం గురించి వాదించడానికి వెళ్తూ వట్టి చేతులతో వెళ్ళడం నాకు నచ్చలేదు. బావ దాన్ని చూసి, "కోట కట్టడానికి ఎల్తన్నావేటి?" అన్నాడు. మోకాలు నొప్పి అని చెప్పి నా కింద బెర్తు తీసుకున్నాడు. ఆ మోకాలే షోలాపూర్ ప్లాట్‌ఫారం మీద సమోసాల వెనకాల పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను.

షోలాపూర్‌కి ముందు మా ఎదుట సీటులోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఎర్రంచు చీర, ముక్కుకి పెద్ద పుడక. సంచిలోంచి జొన్న రొట్టెలు తీసింది. మన జొన్న రొట్టెలా మెత్తగా ఉండదు. అప్పడంలా ఎండబెట్టినది, విరిస్తే చప్పుడవుతుంది. దాని మీద వేరుశనగ కారప్పొడి చల్లి, పైన పచ్చి నూనె పోసి మా ముగ్గురికీ పెట్టింది. అడగలేదు, పెట్టేసింది. మన రైళ్ళలో ముందు ఏ ఊరు, ఏమిటోళ్ళు అని విచారించాకే డబ్బా మూత తీస్తారు. ఈవిడ పెట్టాక అడిగింది.

బదులుగా నేను బెల్లం ముక్క విరిచి ఇచ్చాను. చప్పరించి, హిందీలో ఏదో అంది. రత్నం టీవీలో హిందీ సీరియళ్ళు చూస్తుంది కాబట్టి ఆమె చెప్పింది: "రుచి బావుందట. రంగే నలుపట. కొల్లాపూర్ బెల్లం బంగారంలాగుంటదట."

"రంగు కోసం మందులు కొట్టకపోతే బెల్లం ఇలాగే ఉంటుందని చెప్పు."

"నేను సెప్పను. రొట్టె పెట్టిన మనిషితో దెబ్బలాటేటి?"

బావ గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆ రొట్టె నములుతూ ఉండగానే నాకు ఒక సంగతి తట్టింది. బెల్లం ఉందని తేలితే బావ పంక్తిలో చెప్పాలి. అది వినడానికి నేను అక్కడ ఉండాలి కదా. లేదని తేలితే ఎలాగూ వెళ్ళి పాయసం తినాలి. ఏది తేలినా నేను గాజువాక వెళ్ళడం ఖాయం. రత్నం వైపు చూశాను. కిటికీలోంచి చెరకు తోటలు చూస్తోంది.

"ఏటలా సూస్తన్నారు? ఇక్కడి చెరకు మన దానికంటే లావుగుంది" అంది.

మురుడ్

జంజీరాకి దగ్గరలో ఉన్న ఊరు మురుడ్. సముద్రం ఒడ్డున సరుగుడు చెట్లు, పోక తోటలు, వాటి మధ్యలో ఇళ్ళు. ఇంటి ముందు గదులు అద్దెకిచ్చి, వెనక వంట చేసి పెడతారు. మాకు గది ఇచ్చిన ఆవిడని అందరూ కాకూ అంటారు. మనం పిన్ని అన్నట్టన్నమాట.

చేప భోజనం మనిషికి రెండు వందల యాభై. ఎక్కువే అన్నాను. వంజరం ముక్క చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నేను వెనక్కి తీసుకున్న మాటలు తక్కువ కాబట్టి ఇది రాయడం న్యాయం. వాళ్ళు పులుసు పెట్టరు. కారం, చింతపండు పట్టించి, రవ్వలో దొర్లించి వేయిస్తారు. బియ్యప్పిండి రొట్టెతో తినాలి. చివర్లో గ్లాసులో గులాబీ రంగు పాలు వచ్చాయి. బావ ఫలూదా అనుకుని ఒక్క గుక్కలో తాగాడు. అది కొబ్బరిపాలలో కోకం అనే పులుపు పండు రసం, వెల్లుల్లి కలిపిన చారు. అతని మొహం చూసి కాకూ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను అడ్డం పెట్టుకోలేదు.

పొద్దున్న లేచేసరికి ఆ నవ్వుకి బదులు తీరింది. తీరం గాలిలో తేమ ఎక్కువ. పాత బెల్లం. గోనె గుడ్డ తడిసి, నేల మీద పాకం మడుగు కట్టింది. గుమ్మం కింద నుంచి చీమల బారు.

"బావా, లెగు లెగు! నీ కోట కారిపోతంది. సీమల దండు దిగిపోయింది!"

కాకూ చూసి గుండెలు బాదుకుంది. ఒక స్టీలు క్యాను తెచ్చి, మిగిలిన ముద్ద అందులో పెట్టించి, బిగుతుగా మూత వేసి నా చేతిలో పెట్టింది. గదిలో ఉంచడానికి మాత్రం వీల్లేదంది. కాబట్టి ఆ రోజంతా నేను ఎక్కడికి వెళ్తే క్యాను అక్కడికి వచ్చింది. పాల క్యానుతో జంజీరాని చూసిన యాత్రికుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

రాజపురి రేవు

కోటకి పడవలు రాజపురి రేవు నుంచి వెళ్తాయి. తెరచాప పడవలు. గాలి సరిగ్గా లేకపోతే కర్రతో తోస్తారు. మనుషుల్ని గుమ్మడికాయల్లా సర్దుతారు. క్యానుకి కూడా టికెట్ తీసుకోవాలని పడవవాడు వేళాకోళమాడాడు. ఫ్యాక్టరీలో హిందీ పట్టుబడిన బావ దాన్ని నాకు అనువదించి చెప్పాడు. అలాంటివి పొల్లుపోకుండా అనువదిస్తాడు.

నీళ్ళలోంచి నిటారుగా లేచిన నల్లటి గోడ. ఎంత దగ్గరికి వెళ్ళినా తలుపు కనబడదు. పడవ గోడకి గుద్దుకుంటుందేమో అనుకునే సమయానికి రెండు బురుజుల సందులోంచి గుమ్మం బయటపడుతుంది. తెలియనివాడు చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళిపోవలసిందే. నాకు ఆ కోట అక్కడే నచ్చేసింది.

పడవలోనే ఉన్న గైడు మెట్ల దగ్గర మమ్మల్ని దింపి, నలభై అయిదు నిమిషాలు అన్నాడు. వందల ఏళ్ళు ఎవరికీ లొంగని కోటకి నలభై అయిదు నిమిషాలు! దాని మీద ఒక ఉత్తరం రాయాలని ఉంది. ఎవరికి రాయాలో తెలుసుకుంటున్నాను.

కోట లోపల

గుమ్మం పక్క గోడ మీద ఒక శిల్పం ఉంది. సింహం లాంటి జంతువు. నాలుగు కాళ్ళ కింద నాలుగు ఏనుగుల్ని నొక్కిపెట్టి, నోట ఒకదాన్ని, తోకతో ఒకదాన్ని పట్టుకుంది. బావ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"సూడు బావా, అచ్చం నువ్వే. ఇది ఆరింటినే పట్టింది. నువ్వు పన్నెండు మందిని తొమ్మిదేళ్ళనుంచి ఒగ్గకుండా పట్టుకున్నావు."

రత్నం కూడా నవ్వింది. ఆమె నవ్విందని కూడా రాస్తున్నాను.

కోట కథ గైడు హిందీలో చెబుతుంటే బావ తెలుగులో చెప్పాడు. మొదట ఇక్కడ కోళీలు అనే జాలర్లు ఉండేవారు. సముద్రపు దొంగల బాధ పడలేక దుంగలు పాతి కర్రకోట కట్టుకున్నారు. దాన్ని పట్టుకోవడానికి అహ్మద్‌నగర్ సుల్తాను మనిషి ఒకడు వర్తకుడి వేషంలో వచ్చి, తుఫాను భయం అని ఆశ్రయం అడిగాడు. ఆశ్రయమిచ్చినందుకు సారా పీపాలు కానుకిచ్చాడు. వాళ్ళు తాగి పడిపోయాక ఓడలోని సిపాయిలు బయటికొచ్చారు. తరవాత కోట సిద్దీల చేతికి వచ్చింది. సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఓడ నడపడంలోనూ యుద్ధంలోనూ గట్టివాళ్ళు. కొలువు చేయడానికి వచ్చి చివరికి ఏలికలయ్యారు. ఈ రాతి గోడలు లేచింది వాళ్ళ చేతుల్లోనే. ఆ పైన మరాఠాలు వచ్చారు, పోర్చుగీసువాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. దేశానికి స్వతంత్రం వచ్చాకే కోట మనలో కలిసింది.

ఒక్కసారి మోసపోయిన దీవి మళ్ళీ మోసపోలేదు. అలాంటి జ్ఞాపకశక్తిని నేను గౌరవిస్తాను.

మరాఠాల సంగతి ఇంకా బాగుంది. ఎన్ని దండయాత్రలు చేసినా జంజీరా దక్కక, రాజుగారికి కోపం వచ్చి కాస్త దూరంలో ఇంకో దీవి మీద ఎదురుకోట కట్టించాడట. పద్మదుర్గం అంటారు. బురుజు మీద నుంచి కనబడుతుంది. ఆయన కొడుకు ఇంకా పంతం పట్టి, ఒడ్డు నుంచి కోట దాకా సముద్రాన్నే రాళ్ళతో పూడ్చడం మొదలుపెట్టాడట. పూర్తికాలేదు. ఇప్పుడు రెండు కోటల్లోనూ సిపాయిలు లేరు. ఎదురెదురుగా అలా చూసుకుంటూ ఉన్నాయి. మధ్య నీళ్ళలో జాలర్ల వలల బెండ్లు తేలుతున్నాయి.

ఉప్పు సముద్రం నడిమధ్యన, కోట లోపల రెండు మంచినీళ్ళ చెరువులు ఉన్నాయి. ఒకప్పుడు ఒక ఊరే కోటలో కాపురం ఉండేదట. ఇప్పుడు విరిగిన మేడల్లో రావి మొక్కలు.

ఇక గైడు. అతనికి ఇరవై రెండు అంటే ఇష్టం. కోట ఇరవై రెండు ఎకరాలు, కట్టింది ఇరవై రెండేళ్ళు, బురుజులు ఇరవై రెండు. నేను నమ్మక లెక్కపెట్టాను. పందొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. పందొమ్మిదే. ఆ మాట అతనికి చెప్పమని బావని నిలదీశాను. గైడు ఎండలోకి చూస్తూ నవ్వాడు. తరవాత ఒక పెద్ద ఫిరంగి దగ్గరికి తీసుకెళ్ళి, ఇది పంచలోహాలది, మండుటెండలో కూడా వేడెక్కదు అన్నాడు. బావ ఫోర్‌మేన్ కదా, లోహం అనగానే అరచెయ్యి వేశాడు. వేసిన చెయ్యి చప్పున తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈడు సెప్పిందొకటీ నిజం కాదు" అన్నాను. ఆ మాట అని నా గొయ్యి నేనే తవ్వుకున్నానని పది నిమిషాల్లో తెలిసింది.

పడమటి గోడ దగ్గర గైడు రాళ్ళని అరచేత్తో చరిచి ఏదో చెప్పాడు. క్యాను పట్టుకుని ముందుకి జరిగాను. వచ్చింది ఇందుకే. బావ గొంతు సవరించుకున్నాడు.

"రాళ్ళ మధ్యన సీసం కరగబోసేరట. సున్నం, ఇసక కలిపేరట."

"ఇంకా?"

"అంతే."

"అన్నియ్యా," అంది రత్నం, "సివర్న 'గుడ్' అన్నాడు కదా. హిందీలో అదే బెల్లం. అదెందుకు మింగీసేవు?"

బావ చెవి గోక్కున్నాడు. "ఏదో అన్నాడ్లే. గైడులు సవాలక్ష సెప్తారు. బురుజులు లెక్కెట్టి ఈడు అబద్ధాలకోరని తేల్చింది ఎవరు? బావే కదా. బురుజుల కాడ అబద్ధాలకోరు, బెల్లం కాడ సత్తెవంతుడు ఎలాగయ్యాడు?"

తొమ్మిదేళ్ళలో నా సాక్షి ఒక్కడు దొరికితే, వాడి పరువు నేనే తీసేశాను.

ఇంక ఒక్కటే దారి కనబడింది. మా గానుగలో పాకం దించాలా వద్దా అన్నది చివరికి నాలుకే చెబుతుంది. నీళ్ళలో ఉండ చుట్టి చూస్తాం, వేళ్ళ మధ్య తీగ సాగదీసి చూస్తాం, అయినా నాలుక ఒప్పుకుంటేనే దింపుతాం. మూడు తరాలుగా అంతే. క్యాను కింద పెట్టి, రెండు రాళ్ళ మధ్య సున్నం అతుకు మీద వేలు రాసి చప్పరించాను. దుమ్ము. అది కాదనిపించి వంగి, నాలుకే ఆనించాను.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తిరిగి చూస్తే పుణె వైపు నుంచి వచ్చిన కాలేజీ గుంటలు నలుగురు, ఫోన్లు నా మీదే. గోడలు నాక్కుంటూ కూర్చుంటారా అని పంక్తిలో బావ అన్నమాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. బావకి కూడా గుర్తొచ్చినట్టుంది.

"ఏటి బావా, తీపేనా?"

తీపి అనొచ్చు. ఎవరూ వచ్చి నాకి చూడరు. కానీ బెల్లం రుచి విషయంలో నేను ఇంతవరకు ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అనకాపల్లి మార్కెట్లో కూడా చెప్పలేదు.

"ఉప్పు" అన్నాను.

బావ నవ్వుతాడని ఎదురు చూశాను. నవ్వలేదు. తన నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చి, "పుక్కిలించు" అన్నాడు. నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

ఒడ్డున నుయ్యి

తిరుగు పడవ ఎక్కాం. రత్నం నా చేతి మీద ఒకసారి తట్టింది. గృహప్రవేశంలో ఏ మూల కూర్చుని పాయసం తినాలా అని ఆలోచిస్తున్నాను.

రేవు దిగి సందులోంచి నడుస్తుంటే ఆ వాసన వచ్చింది. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను. నానబెట్టిన బెల్లం నీళ్ళు పులుస్తున్న వాసన. ఆగిపోయాను. ఇళ్ళ మధ్య ఒక పాత నుయ్యి. దాని చుట్టూ పడిపోయిన పిట్టగోడని ఒక ముసలాయన తిరిగి కడుతున్నాడు. తల మీద తెల్ల టోపీ, మోచేతుల దాకా సున్నం. పక్కన గోతిలో సున్నం, దాని పక్కన డ్రమ్ము. డ్రమ్ములో బెల్లం నీళ్ళు.

"బావా! అడుగు! అదేటో అడుగు!"

బావ అడిగాడు. ఈసారి రత్నం పక్కనే నిలబడింది, ఏదీ మింగకుండా. ఆయన పేరు సలీం. అందరూ చాచా అంటారు. ఉప్పుగాలికి సిమెంటు పొక్కి రాలిపోతోందని, పాత గోడకి పాత పద్ధతిలోనే సున్నం పెడుతున్నాడట. సున్నంలో బెల్లం నీళ్ళు పోయకపోతే పట్టు ఉండదట. వాళ్ళ తాతల నుంచీ అంతేనట. కానీ ఈసారి ఎందుకో కుదరడం లేదని, నిన్న పూసిన చోటు చూపించాడు. పెచ్చు లేచింది.

నేను క్యాను కింద పెట్టి ఆయన బెల్లం గడ్డ చేతిలోకి తీసుకున్నాను. పసుపుపచ్చగా మెరుస్తోంది. ముక్క గిల్లి అరచేతిలో నలిపాను. పలుకు పలుకుగా గరగరలాడింది. నాలుక మీద వేసుకున్నాను.

"ఇది బెల్లం కాదు. పంచదార కలిపి వండినది. రంగుకి మందు కొట్టేరు. ఆయనకి చెప్పు."

బావ చెప్పాడు. చాచా నన్ను పైనుంచి కిందకి చూశాడు. నేను క్యాను మూత తీశాను. కారి, సాగి, చూడటానికి తారులా ఉంది. ఆయన వేలుతో తీసుకుని చప్పరించి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తల ఊపి ఒకటే మాట అన్నాడు. అది అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది. క్యాను మొత్తం ఆయన డ్రమ్ములో ఒంపేశాను.

ఆ తరవాత మూడు గంటలు మేం అక్కడే ఉన్నాం. రత్నం ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళతో కలిసి ఎండుచేపలు ఏరుతూ కూర్చుంది. బావ ఊరికే నిలబడలేని మనిషి. ముందు తాపీ పట్టుకునే తీరు తప్పన్నాడు, తరవాత చొక్కా చేతులు మడిచాడు, ఆఖరికి సున్నం కలుపుతూ కనిపించాడు. ఎన్ని పాళ్ళు ఇసక, ఎన్ని పాళ్ళు సున్నం, నీళ్ళు ఎంత చిక్కగా ఉండాలని అడిగి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. మా పెనంలో చెరకు రసం తేటపడటానికి సున్నం నీళ్ళు పోస్తామని నేను చెప్పమంటే చెప్పాడు. చాచా పళ్ళు లేని నోటితో నవ్వాడు. మీరు బెల్లంలో సున్నం వేస్తారు, మేం సున్నంలో బెల్లం వేస్తాం, ఇద్దరం ఒక పనివాళ్ళమే అన్నాడట.

చివరికి చాచా సముద్రం వైపు చెయ్యి చాపి, పద్మదుర్గాన్ని చూపించాడు. ఎప్పుడైనా వెళ్తే కింది గోడలు చూడమన్నాడు. అలలు కొట్టి కొట్టి రాయి తినేశాయి, రాళ్ళ మధ్య సున్నం మాత్రం గట్లలా అలాగే నిలబడి ఉంది అన్నాడు. బావ నూతికి అవతలి పక్క పాత గోడ దగ్గరికి వెళ్ళి సుత్తితో తట్టాడు. కంచు మోగినట్టు మోగింది. ఇంకొంచెం గట్టిగా తట్టాడు. అలాగే మోగింది.

చూశావా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనకుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు.

వచ్చేముందు బావ ఆఖరి ప్రశ్న అడిగాడు. జవాబు వినగానే ఎగిరి గంతేశాడు. మోకాలు నొప్పి సంగతి మళ్ళీ మర్చిపోయాడు.

"విన్నావా బావా? సీమలు వస్తాయట! పచ్చిగున్న నాలుగు రోజులూ బారులు కడతాయట! నానేటి సెప్పేను?"

"ఆరేక పోతాయని కూడా అన్నాడు" అంది రత్నం. "అది సెప్పవేటి?"

"సరే. బెల్లం ఉందని ఒప్పుకున్నట్టేనా?" అన్నాను.

"పంక్తిలో సెప్పాలని కదా ఒప్పందం? పంక్తిలో సెప్తాను. సందులో నిలబడి ఎందుకు?"

గాజువాక

గృహప్రవేశం రోజున తెల్లవారగానే చేరాం. తొమ్మిదేళ్ళ తరవాత బావ గడప. అది పాత గడప కాదు, కొత్తది, కాబట్టి నేను మాట తప్పినట్టు కాదు.

ఇల్లంతా సిమెంటే. లోపల ఆడవాళ్ళు పొయ్యి అలికి ముగ్గు వేస్తున్నారు. బావ కనబడలేదు. పెరట్లోకి వెళ్ళాను. అక్కడ కొత్త తులసికోట ఉంది. తెల్లగా, నున్నగా, అంచులు సూటిగా. సిమెంటు కాదని చూడగానే తెలిసింది. దగ్గరికి వెళ్తే ఆ వాసన. పట్టుపంచె పైకి ఎగగట్టి, బావ దాని వెనకాల గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పసుపు గిన్నె. తులసికోట అడుగున చుట్టూ పసుపు గీత గీస్తున్నాడు. గీతకి అవతల గోడ వారన చీమల బారు, ఎక్కడ దారి దొరుకుతుందా అని వెతుకుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"మంచి రోజు కదా. పసుపు పెడ్తన్నాను."

"ఎప్పుడు కట్టేవు?"

"మొన్న. నానే కట్టేను. చాచా సెప్పిన పాళ్ళే. బెల్లం మీ చోడవరం నుంచే తెప్పించేను, నీకు తెలీకుండా." చీమల బారు వైపు చూసి, "వస్తాయని తెలుసు. కానీ ఇయ్యాల రావాలా?" అన్నాడు.

గీత ఇంకా సగమే అయింది. అవతలి పక్క అతని మోకాలు వంగదు. ఈసారి నిజంగానే వంగదని మొహం చూస్తే తెలిసింది. నేను గిన్నె తీసుకుని, కూర్చుని, మిగతా సగం గీశాను.

రత్నం పాలు పొంగించింది. నేను పక్కన కూర్చున్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే ఆమె ఎందుకో ఏడ్చింది. పొగ అంది.

మధ్యాహ్నం పంక్తి. ఆనాటి పన్నెండు మందిలో ఏడుగురు వచ్చారు. ముగ్గురు కాలం చేశారు, ఇద్దరికి వీలు కాలేదట. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలుసు. రావికమతం పెదనాన్న నాకు ఎదురుగానే కూర్చున్నాడు. పప్పు వడ్డించాక బావ లేచి నిలబడ్డాడు.

"ఒక మాట. తొమ్మిదేళ్ళ కిందట బుచ్చయ్యపేటలో మా బావని నేను ఎగతాళి సేసేను. ఆయన సెప్పింది నిజం. బెల్లంతో గోడ కడతారు. సముద్రంలో కోటలే కట్టేరు. పెరట్లో తులసికోట నేనే కట్టేను, ఎల్లి సుత్తితో కొట్టి సూసుకోండి."

ఎవరూ నవ్వలేదు. నాకు ఇంకాస్త సేపు అలాగే నిశ్శబ్దంగా ఉంటే బాగుండునని ఉంది. పెదనాన్న మాత్రం ముద్ద పిసుకుతూ తల ఎత్తాడు.

"అంతా బానే ఉంది గానీ అప్పలరాజూ, మరి సీమలు పట్టవేట్రా?"

బావ నా వైపు చూశాడు. అతని తొమ్మిదేళ్ళ మాట అది. రుజువు పెరట్లో బారులు తీరి ఉంది. ఒక్కసారి చెయ్యి చూపిస్తే సగం పందెం అతనిదే.

"ఒక్కటీ రానేదు, పెదనాన్నా" అన్నాడు. అని, పసుపంటిన కుడిచెయ్యి పంచె మడతలో దాచుకుంటూ కూర్చున్నాడు.

పెదనాన్న ఈసారి నన్ను అడిగాడు. "నిజవేటి?"

బెల్లం విషయంలో నేను అబద్ధం చెప్పనని ముందే రాశాను. అందుకని నోట్లో ముద్ద ఉన్నట్టు తల ఊపి ఊరుకున్నాను. నా వేళ్ళూ పచ్చగానే ఉన్నాయి. ఆయన చూసేలోగా గబగబా పప్పు కలుపుకున్నాను. పసుపు పప్పులో కలిసిపోయింది.